భర్త పోయాడు, కొడుకు అమెరికా పౌరుడు: బావగారు అడిగితే బిడ్డను ఇచ్చెయ్యాలా?

ముందు ప్రశ్న ఏమిటో రెండు ముక్కల్లో. అడిగినామెది ప్రొద్దుటూరు. భర్త డల్లాస్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, పద్నాలుగు నెలల కిందట గుండెపోటుతో పోయాడు. ఆమె అక్కడ హెచ్4 మీద, అంటే భర్త ఉద్యోగ వీసాను ఆధారం చేసుకుని ఇచ్చే వీసా మీద ఉండేది. మూడు నెలలు బావగారింట్లో ఉండి, ఆరేళ్ల కొడుకును తీసుకుని పుట్టింటికి వచ్చేసింది. పిల్లాడు అక్కడే పుట్టాడు కాబట్టి అమెరికా పౌరుడు. ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన భారత సంతతి వాళ్లకు మన ప్రభుత్వం ఇచ్చేది) ఉంది. ఇప్పుడు ప్రొద్దుటూరులో ఒకటో తరగతి. సంవత్సరీకానికి వచ్చిన బావగారు "రెన్యువల్ నేను చూసుకుంటాలే" అని పిల్లాడి పాస్‌పోర్టు, బర్త్ సర్టిఫికెట్ పట్టుకుపోయారు. పాస్‌పోర్టు గడువు ఇంకో మూడు నెలలే. పోయిన నెల నుంచి మాట మారింది. "వాడు మా వంశం, అమెరికా పౌరుడు, వాడి చదువు ఇక్కడే. అమ్మ వాడి మీద బెంగ పెట్టుకుంది. పంపకపోతే కిడ్నాప్ కేసు, ఇంటర్‌పోల్ నోటీసు" అని ఫోన్లు. వారం కిందట టెక్సాస్ లాయరు పేరుతో ఒక పీడీఎఫ్ వాట్సాప్‌లో వచ్చింది. పిల్లాడిని ఇవ్వక తప్పదా, నేను పోయి అక్కడి కోర్టులో నిలబడాలా, పోలీసులు ఇంటికొస్తారా అన్నది ఆమె భయం. చివర్లో ఇన్సూరెన్స్ డబ్బుకు ఏదో కోర్టు కాగితం అడుగుతున్నారని కూడా ఒక లైను రాసింది. ఆ లైను దగ్గరికి మళ్లీ వస్తాను.

నేను కడపలో ఇరవై నాలుగేళ్లుగా ప్రాక్టీసు చేస్తున్నాను. రాజంపేట, రాయచోటి వైపు నుంచి కువైట్ కేసులు మొదటినుంచీ ఉండేవి. ప్రొద్దుటూరు, కడప టౌన్ నుంచి అమెరికా కేసులు ఈ పదేళ్లలో పెరిగాయి.

ఇవ్వాల్సిన పని లేదమ్మా. తండ్రి పోయాక బిడ్డకు సహజ సంరక్షకురాలు తల్లే. పెదనాన్న కాదు, జేజి (నానమ్మ) కాదు. ఆ పీడీఎఫ్ చూసి మీరు విమానం ఎక్కనక్కర్లేదు. అలాగని దాన్ని డిలీట్ చేసి ఊరుకోవడానికీ లేదు. నా అనుభవంలో ఇలాంటి కేసుల్లో తల్లులను నిజంగా ఇబ్బంది పెట్టింది ఇంటర్‌పోల్ కాదు. గడువు తీరిన పాస్‌పోర్టు, తెలియక పెట్టిన ఒక సంతకం, అవతలి ముసలామెతో మాటలు తెంచుకోవడం. ఈ మూడే.

మన చట్టం ఏమంటుందో చెబుతాను. 1956 నాటి హిందూ మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టం సెక్షన్ 6 ప్రకారం సహజ సంరక్షకులు తండ్రి, ఆయన తర్వాత తల్లి. తండ్రి బతికున్నా తల్లి సంరక్షకురాలు కావచ్చని 1999లో గీతా హరిహరన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మీ విషయంలో ఆ చర్చ కూడా అక్కర్లేదు. 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టంలో సెక్షన్ 19 ఉంది. బతికున్న తల్లి గానీ తండ్రి గానీ పనికిరారని కోర్టు తేల్చితే తప్ప, బిడ్డ బాగోగులకు ఇంకొకరిని గార్డియన్‌గా వెయ్యడానికి వీల్లేదు. పాత చట్టంలో ఆ రక్షణ తండ్రికే ఉండేది. 2010 సవరణలో తల్లినీ చేర్చారు. రేపు మీరు మళ్లీ పెళ్లి చేసుకున్నా ఈ హక్కు పోదు. మీరు అడగలేదు కానీ, మీ బావగారి లాయరు రేపో మాపో ఆ మాట ఎత్తుతాడు కాబట్టి ఇప్పుడే చెబుతున్నా.

ఇక అమెరికా పౌరసత్వం. పౌరసత్వం వేరు, కస్టడీ వేరు. బిడ్డ ఏ దేశపు పాస్‌పోర్టుతో పుట్టాడన్నది అతను ఎవరి దగ్గర పెరగాలో తేల్చదు.

"హేగ్ ఒప్పందం ప్రకారం పంపాల్సిందే" అని ఆ పీడీఎఫ్‌లో ఉందని రాశారు. 1980 నాటి ఆ ఒప్పందం, ఒక దేశం నుంచి ఇంకో దేశానికి అక్రమంగా తీసుకుపోయిన పిల్లల్ని వెనక్కి పంపడం గురించి. అమెరికా అందులో ఉంది, భారత్ లేదు. చేరమని లా కమిషన్ 2009లో చెప్పింది. 2016లో ఒక బిల్లు ముసాయిదా కూడా ఇచ్చింది. అయినా మనం చేరలేదు. కాబట్టి ఆ ఒప్పందం కింద మన ప్రభుత్వం పిల్లాడిని పట్టుకుని పంపే పద్ధతే లేదు. పైగా ఆ ఒప్పందం ఉన్నా మీకు తగలదు. ఒకరి కస్టడీ హక్కును ఉల్లంఘించి తీసుకొస్తేనే అది అక్రమం. మీరు వచ్చేసిన రోజున ఆ బిడ్డ మీద కస్టడీ హక్కు మీకు తప్ప ఎవరికుంది? భర్త పోతే హెచ్4 ఆధారమే పోతుంది. మీరు అక్కడ ఉండడానికే దారి లేక వచ్చారు.

ఇక్కడ ఒక జాగ్రత్త. యూట్యూబులో కొందరు "ఇండియాకొచ్చేస్తే ఎవరూ ఏమీ చెయ్యలేరు" అని చెబుతుంటారు. అది తప్పు. విదేశీ కోర్టు ఆర్డరు ఒక అంశం మాత్రమే, బిడ్డ క్షేమమే ముఖ్యం అని 2017లో సుప్రీంకోర్టు అన్న మాట నిజమే. కానీ 2019లో మన తెలుగు దంపతుల కేసులోనే ఇద్దరు పిల్లల్ని తిరిగి అమెరికాకు తీసుకెళ్లమంది. 2022లోనూ ఒక పిల్లాడిని అక్కడున్న తండ్రి దగ్గరికి పంపమంది. తేడా ఏమిటంటే, అవి తల్లికీ తండ్రికీ మధ్య కేసులు. అక్కడ ఎదురుచూస్తున్నది కన్న తండ్రి. మీ కేసులో అక్కడున్నది పెదనాన్న, జేజి. ఈ తేడాను మీ లాయరు మొదటి పేరాలోనే రాయాలి. నేను చూసిన కొన్ని కౌంటర్లలో, అంటే అవతలివాళ్ల పిటిషన్‌కు వేసే జవాబుల్లో, ఇది ఏ పదో పేజీలోనో ఉంటుంది, అప్పటికి జడ్జిగారు కళ్లద్దాలు తీసేసి ఉంటారు.

అమెరికా వైపు సంగతి. టెక్సాస్‌లో నేను వకాల్తా వెయ్యలేను. అక్కడి లాయర్లతో కలిసి చేసిన కేసుల వల్ల తెలిసినంత చెబుతాను. అక్కడ కస్టడీ కేసు ఏ రాష్ట్రంలో వెయ్యాలన్నది బిడ్డ "సొంత రాష్ట్రం" ఏదన్న దాన్ని బట్టి ఉంటుంది. కేసు వేసే నాటికి బిడ్డ తల్లి దగ్గరో తండ్రి దగ్గరో వరసగా ఆరు నెలలు ఎక్కడ ఉన్నాడో అదే సొంత రాష్ట్రం. ఈ లెక్కలో విదేశాన్ని కూడా ఒక రాష్ట్రంలాగే చూస్తారు. మీరు వచ్చి పదకొండు నెలలైంది. అందుకే ఆ పీడీఎఫ్‌లో మొదట చూడాల్సింది కేసు వేసిన తేదీ. పోయిన నెలలో వేసి ఉంటే "ఈ కోర్టుకు అధికారమే లేదు" అనే అభ్యంతరం చాలా బలంగా నిలబడుతుంది. మీరు వచ్చిన ఆరు నెలల లోపే వేసి ఉంటే కొంచెం వాదన ఉంటుంది. అయినా అప్పుడు కూడా అక్కడ తల్లో తండ్రో, వాళ్ల స్థానంలో బిడ్డను పెంచుతున్న మనిషో ఉండిపోయి ఉండాలి. బావగారింట్లో మూడు నెలలు మీతోపాటు ఉన్నంత మాత్రాన ఆయన ఆ మనిషి అయిపోరు.

ఇంకొకటి మీ అత్తగారికే చెప్పదగ్గది. అమెరికా సుప్రీంకోర్టు 2000లో ట్రాక్సెల్ కేసు తీర్పు ఇచ్చింది. అచ్చం మీలాంటి కథే. తండ్రి చనిపోయాడు, తండ్రి తరఫు తాత నానమ్మలు మనవరాళ్లను ఎక్కువగా తమ దగ్గరికి పంపమని కోర్టుకెక్కారు, తల్లి కొంతే ఒప్పుకుంది. కోర్టు తల్లి పక్షాన నిలబడింది. యోగ్యురాలైన తల్లి తన బిడ్డ గురించి తీసుకున్న నిర్ణయానికి బరువు ఇవ్వాలంది. టెక్సాస్‌లో కూడా తాత నానమ్మలు బిడ్డను చూసే హక్కు కోర్టులో అడగాలంటే, చూడనివ్వకపోతే బిడ్డ ఆరోగ్యానికో మనసుకో గట్టి దెబ్బ తగులుతుందని రుజువు చెయ్యాలి. "మా వంశం" అన్న మాట అక్కడి కోర్టులో చెల్లదు. ఇక్కడి కోర్టులోనూ అంతే.

కిడ్నాప్, ఇంటర్‌పోల్ బెదిరింపుల సంగతి. బిడ్డను దేశం దాటించడం నేరమని అమెరికాలో 1993 చట్టం ఒకటుంది, మూడేళ్ల దాకా జైలు. అది ఇంకొకరి కస్టడీ హక్కునో, చూసే హక్కునో అడ్డుకోవాలన్న ఉద్దేశంతో చేస్తే. మీరు బయల్దేరే నాటికి అక్కడ కేసూ లేదు, ఆర్డరూ లేదు, తండ్రీ లేడు. ఇంటర్‌పోల్ నోటీసు ఒక లాయరు ఇప్పించేది కాదు. దేశాల పోలీసు విభాగాల ద్వారా నడుస్తుంది, మన దేశంలో ఆ పని సీబీఐ చూస్తుంది. ఎర్ర నోటీసు నేరం కేసుల్లో వెతుకుతున్నవాళ్ల కోసం, పసుపు నోటీసు తప్పిపోయినవాళ్ల కోసం. ప్రొద్దుటూరులో బడికి పోతూ, జేజితో వీడియో కాల్ మాట్లాడుతున్న పిల్లాడు తప్పిపోయినట్టు ఎలా అవుతుంది? జేజితో మాట్లాడించడం మానొద్దని నేను పట్టుబట్టడానికి ఇదొక కారణం.

పోలీసులు ఇంటికి రావడం మాత్రం జరగొచ్చు. ఎలాగంటే, వాళ్లు అమరావతిలో మన హైకోర్టులో హేబియస్ కార్పస్ వేస్తే, బిడ్డను హాజరుపరచమని స్టేషన్‌కు ఆదేశం వస్తుంది. అప్పుడు తలుపులు వేసుకోవద్దు, పిల్లాడిని బంధువులింటికి పంపెయ్యొద్దు. కాగితం తీసుకుని, వాయిదా తేదీ రాసుకుని, లాయరుతో వెళ్లడమే. ఆరేళ్ల కిందట ఒకామె భయపడి పిల్లాడిని బళ్లారిలో చెల్లెలింట దాచింది. గెలవాల్సిన కేసులో రెండు వాయిదాలు "ఎందుకు దాచావు" అన్న ప్రశ్నకు జవాబు చెప్పడంతోనే సరిపోయింది.

ఆ పీడీఎఫ్‌ను ఏం చెయ్యాలి? విదేశీ కోర్టు సమన్లు మన దేశంలో ఇవ్వడానికి ఒక పద్ధతుంది. సమన్ల కోసం వేరే హేగ్ ఒప్పందం ఉంది, అందులో మాత్రం మనం ఉన్నాం. దాని ప్రకారం కాగితాలు ఢిల్లీలో న్యాయశాఖకు వచ్చి, అక్కడి నుంచి జిల్లా కోర్టు ద్వారా మీ చేతికి అందాలి. నేరుగా పోస్టులో పంపడానికే మన దేశం ఒప్పుకోలేదు, ఇక వాట్సాప్ మాటెందుకు. కాబట్టి అది సమన్లు సరిగ్గా అందించినట్టు కాదు. కానీ కేసు నంబరు, వాయిదా తేదీ ఉంటే పట్టించుకోకుండా వదలొద్దు. అక్కడ ఒక లాయరును పెట్టుకుని, కోర్టుకు అధికారం లేదన్న ఒక్క అభ్యంతరం వేయించండి. మిగతా వాదనల్లోకి దిగితే ఆ కోర్టు అధికారాన్ని ఒప్పుకున్నట్టు లాగే ప్రమాదముంది. చాట్ మొత్తం ఎక్స్‌పోర్టు చేసి పెట్టుకోండి, ఫోన్ మార్చొద్దు. ఆ మెసేజీలు సాక్ష్యంగా వెయ్యాలంటే ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి సర్టిఫికెట్ ఇవ్వాలి, అసలు ఫోన్ ఉంటే ఆ పని సులువు.

ఇప్పుడు పాస్‌పోర్టు. మీ బావగారు రెన్యువల్ చేయిస్తానని తీసుకుపోయారన్నారు కదా. పదహారేళ్ల లోపు పిల్లల అమెరికా పాస్‌పోర్టు, పిల్లాడు స్వయంగా హాజరైతే తప్ప కొత్తది ఇవ్వరు. పిల్లాడు ప్రొద్దుటూరులో, పాస్‌పోర్టు డల్లాస్‌లో ఉంటే ఆయన చేయించగలిగేది ఏమీ లేదు. తెలియక అన్నారో తెలిసే అన్నారో మీకే తెలియాలి. మీరు హైదరాబాద్‌లో నానక్‌రామ్‌గూడలో ఉన్న అమెరికా కాన్సులేట్‌లో అపాయింట్‌మెంట్ తీసుకోండి. మామూలుగా తల్లిదండ్రులిద్దరి సమ్మతీ కావాలి. భర్త మరణ ధ్రువపత్రం ఉంటే మీ ఒక్కరి సంతకం చాలు. బర్త్ సర్టిఫికెట్ నకలు టెక్సాస్ జనన మరణాల విభాగం నుంచి తల్లిగా మీరే తెప్పించుకోవచ్చు, బావగారి దయ అక్కర్లేదు. ఫారంలో పాత పాస్‌పోర్టు "పోయింది" అని రాయకండి. పోలేదు కదా. ఫలానా బంధువు దగ్గర ఉంది, అడిగినా ఇవ్వడం లేదు అని ఉన్నదున్నట్టు రాయండి. అందుకే ముందు వాట్సాప్‌లో ఇలా ఒక మెసేజీ పెట్టండి:

"బావగారూ, బాబు పాస్‌పోర్టు, బర్త్ సర్టిఫికెట్ పదిహేను రోజుల్లో కొరియర్ చేయండి. బాబు హాజరు లేకుండా రెన్యువల్ కాదని తెలిసింది, ఇక్కడే చేయిస్తాను. వాడు ఇక్కడే చదువుకుంటాడు. అత్తమ్మతో ఎప్పటిలాగే మాట్లాడిస్తాను."

అంతే. తిట్టొద్దు, పాత కథలు ఎత్తొద్దు. రేపు జడ్జిగారు చదివేది ఈ మెసేజీనే. అమెరికా విదేశాంగ శాఖలో పిల్లల పాస్‌పోర్టు హెచ్చరిక పథకం ఒకటి ఉంది. అందులో బాబు పేరు నమోదు చేస్తే, ఇంకెవరైనా వాడి పేరున పాస్‌పోర్టుకు దరఖాస్తు పెడితే మీకు తెలియజేస్తారు. ఈ పని ఈ వారమే చెయ్యండి. పాస్‌పోర్టు వచ్చాక ఓసీఐ వివరాలు కూడా సరిచేయించుకోండి.

సంతకం సంగతి. ఆరేడేళ్ల కిందట మైదుకూరు వైపు నుంచి ఒకామె వచ్చింది. భర్త పోయాక ఆడబిడ్డ సింగపూర్ నుంచి "స్కూలు అడ్మిషన్ కాగితాలు" పంపింది, ఈమె నోటరీ దగ్గర సంతకాలు పెట్టి పంపింది. మొత్తం పదకొండు పేజీలు. తొమ్మిదో పేజీలో "బిడ్డ సంరక్షణ, నివాసం, చదువు విషయాల్లో సర్వాధికారాలు" ఆడబిడ్డకు ఇచ్చినట్టు ఉంది. ఆ తొమ్మిదో పేజీని రద్దు చేయించడానికి ఏడాదిన్నర పట్టింది. ఇంగ్లీషు కాగితం ఏదొచ్చినా, బావగారు "ఫార్మాలిటీ" అన్నా, లాయరు చదవకుండా సంతకం వద్దు. వేసవి సెలవులకు పంపమన్నా ఇప్పట్లో వద్దు. అక్కడికి పోయిన బిడ్డను వాళ్లు ఆపేసుకుంటే, వెనక్కి తెచ్చుకోవడానికి మీరే ఆ దేశం వీసా కోసం క్యూలో నిలబడాలి. బడిలో కూడా ఒక లెటరు ఇచ్చి పెట్టండి, మీరు గానీ మీ నాన్నగారు గానీ తప్ప ఎవరొచ్చినా పిల్లాడిని పంపొద్దని. మీకు తెలియకుండా తీసుకుపోతే అది మన చట్టంలో సంరక్షకురాలి నుంచి అపహరణ, భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 137. కిడ్నాప్ అనే మాట ఎవరికి వర్తిస్తుందో చూడండి.

ఇక ఆ ఇన్సూరెన్స్ లైను. ఇలాంటి కేసుల్లో నేను మొదట అడిగేది డబ్బు గురించే. అందరూ డబ్బు కోసమే చేస్తారని కాదు, మీ అత్తగారి బెంగ నిజమే అయి ఉండొచ్చు. కానీ మైనరు పేరున వచ్చే డబ్బు నేరుగా పిల్లాడి చేతికి ఇవ్వరు. వాడి ఆస్తికి కోర్టు నియమించిన గార్డియన్ ఎవరో చూపమంటారు. ఆ గార్డియన్ ఎవరైతే తాళం వారిదే. కంపెనీకి మీరే ఈమెయిల్ రాసి మూడు విషయాలు రాతపూర్వకంగా అడగండి: నామినీ ఎవరు, ఎంత, ఏ కోర్టు ఆర్డరు కావాలి (భారత కోర్టుది ఒప్పుకుంటారా, అక్కడిదే కావాలా). భర్త అక్కడ సరిపడా ఏళ్లు పన్ను కట్టి ఉంటే పిల్లాడికి పద్దెనిమిదేళ్లు వచ్చేదాకా సోషల్ సెక్యూరిటీ నుంచి నెలనెలా కొంత వచ్చే అవకాశం ఉంది. అది కూడా కనుక్కోండి.

ఇదే చోట మీకు నచ్చని మాట ఒకటి చెప్పాలి. మీ భర్త పేరున ఇక్కడ స్థలమో పొలమో ఉండి, విల్లు రాయకుండా పోయి ఉంటే, హిందూ వారసత్వ చట్టం ప్రకారం మీ అత్తగారు కూడా మొదటి తరగతి వారసురాలే. మీరు, బాబు, ఆమె, తలా మూడో వంతు. బావగారికి ఏమీ రాదు. చాలా ఇళ్లలో కోడలు "అంతా నాకూ నా కొడుక్కే" అనుకుంటుంది, అవతల ఆ ముసలామెకు కడుపు మండుతుంది, అది తిరిగి తిరిగి పిల్లాడి మీద కేసుగా తేలుతుంది. ప్రొద్దుటూరులోనే ఒక కేసులో రెండున్నర సెంట్ల స్థలంలో అత్తగారి భాగం రాసిచ్చేసిన మర్నాడే కస్టడీ పిటిషన్ వెనక్కి తీసుకున్నారు. ఆమెకు మనవడు కావాలి, కానీ అంతకంటే ముందు కొడుకు సంపాదనలో తనకూ చోటుందని ఎవరో ఒకరు ఒప్పుకోవాలి.

మరి మీరు ముందుగా ఇక్కడ కేసు వెయ్యాలా? గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం కింద మిమ్మల్ని గార్డియన్‌గా ప్రకటించమని వేసే ఈ పిటిషన్‌ను మేం జి.డబ్ల్యు.ఓ.పి. అంటాం. పిల్లాడు మామూలుగా ఎక్కడ ఉంటున్నాడో ఆ పరిధిలోని ఫ్యామిలీ కోర్టులో, అది లేకపోతే జిల్లా కోర్టులో వెయ్యాలి. మీరు సహజ సంరక్షకురాలే కాబట్టి కేసు లేకపోయినా హక్కు ఉంది. అందుకే అందరికీ వెయ్యమని చెప్పను. ఇందులో ఒక మెలిక ఉంది. కోర్టు ప్రకటించిన గార్డియన్ అయితే సెక్షన్ 26 ప్రకారం కోర్టు అనుమతి లేకుండా బిడ్డను ఆ కోర్టు పరిధి దాటించి తీసుకుపోకూడదు. రేపు బెంగళూరులో ఉద్యోగం వస్తే మళ్లీ అర్జీ పెట్టుకోవాలి.

మీ విషయంలో మాత్రం వెయ్యమనే అంటాను. ఇన్సూరెన్స్‌కు కాగితం ఎలాగూ కావాలి, అక్కడ కేసు మొదలైనట్టుంది. ఉద్యోగం కోసం ఊరు మారే అనుమతి కూడా ఆ పిటిషన్‌లోనే అడగండి. ఒకే షరతు. నోటీసు ఇవ్వకుండా ఎక్స్‌పార్టీ ఆర్డరు తెచ్చుకోవాలన్న ఆశ వద్దు. బావగారిని, అత్తగారిని ఇద్దరినీ పార్టీలుగా చేర్చండి, కోర్టు అనుమతితో పోస్టులో, ఈమెయిల్‌లో నోటీసు పంపించండి, వాళ్లు వీడియోలో మాట్లాడతామన్నా అడ్డు చెప్పకండి. ఎందుకంటే అవతలివాళ్లకు నోటీసిచ్చి, మాట్లాడే అవకాశమిచ్చి ఇచ్చిన విదేశీ కస్టడీ ఆర్డరును టెక్సాస్ కోర్టు కూడా మామూలుగా గౌరవిస్తుంది. దొంగచాటుగా తెచ్చుకున్న ఆర్డరు కడప దాటితే చిత్తు కాగితం. నేను చూసినంతలో అవతలివాళ్లు గట్టిగా పోరాడకపోతే ఆరు నుంచి పది నెలలు, పోరాడితే రెండు మూడేళ్లు. ఖర్చు భయమైతే జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్లండి, ఆదాయంతో పని లేకుండా మహిళలకు ఉచితంగా లాయరునిస్తారు. ఫోన్ నంబరు 15100.

తల్లి అయినంత మాత్రాన గెలుపు రాసిపెట్టి ఉందనుకోకండి. 2009లో ఒక కేసులో, పుట్టినప్పటి నుంచి పెంచిన అమ్మమ్మ దగ్గరే బిడ్డను ఉంచి, తండ్రి అడిగినా సుప్రీంకోర్టు ఇవ్వలేదు. నేనూ ఓడిపోయాను. తాడిపత్రి వైపు ఒకాయన, భార్య కాన్పులో పోతే ఎనిమిది నెలల బిడ్డను అత్తామామలకు వదిలి దుబాయ్ వెళ్లాడు. తొమ్మిదేళ్లకు తిరిగొచ్చి నా బిడ్డ నాకు కావాలన్నాడు. చట్టం అంతా ఆయన వైపే. ఆ పిల్ల కోర్టు హాల్లో ఆయన్ను చూసి "ఆ అంకుల్ ఎవరు" అంది. నేను వాదన ఆపేసి కూర్చున్నాను.

ఆరేళ్ల పిల్లాడిని జడ్జిగారు తన ఛాంబర్‌లోకి పిలిచి మాట్లాడొచ్చు. తల్లులకు దీని గురించే టెన్షన్ ఎక్కువ, ముందు రోజంతా పిల్లాడికి పాఠం చెప్పినట్టు చెప్పి పంపుతారు. చెయ్యకండి. మూడేళ్ల కిందట ఇలాంటి కేసులోనే జడ్జిగారు "అమ్మ ఇష్టమా, అమెరికా ఇష్టమా" అని అడగలేదు. బల్ల మీద ఉన్న బిస్కెట్ ప్యాకెట్ పిల్లాడి ముందుకు జరిపి, "బడిలో నీ పక్కన ఎవరు కూర్చుంటారు?" అన్నారు. వాడు ఇద్దరి పేర్లు చెప్పి, మూడోవాడు తన రబ్బరు కొట్టేశాడని ఫిర్యాదు కూడా చేశాడు. తర్వాత "అమెరికాలో ఎవరున్నారు?" అంటే "జేజి ఉంది, ఆదివారం ఫోన్లో కథ చెబుతుంది" అన్నాడు. బిస్కెట్లు రెండు తిని, ఒకటి జేబులో వేసుకుని బయటికొచ్చాడు. ఆర్డరులో ఆ రెండు జవాబులూ ఉన్నాయి. బిడ్డ ఇక్కడ కుదురుకున్నాడనడానికి మొదటిది, తల్లి అవతలివాళ్లను దూరం పెట్టలేదనడానికి రెండోది.

కాబట్టి స్టడీ సర్టిఫికెట్, టీకాల కార్డు, ఫీజు రసీదులు, డల్లాస్ నుంచి వచ్చిన విమానం టికెట్టు, భర్త మరణ ధ్రువపత్రం, పెళ్లి సర్టిఫికెట్ అన్నీ ఒక ఫైలులో పెట్టుకోండి. అమెరికాలో ఇచ్చిన పత్రాలకు ఆ రాష్ట్రం నుంచి అపొస్టిల్ (పత్రం అసలైనదేనని వేరే దేశంలో చూపడానికి వేసే ధ్రువీకరణ) వేయించుకుంటే ఇక్కడి కోర్టులో పేచీ ఉండదు. బావగారి ఫోన్ ఎత్తాలా వద్దా అని అడిగారు. ఆయనతో మెసేజీల్లోనే మాట్లాడండి. అత్తగారికి మాత్రం మీరే చెయ్యండి, ఆమె చేసేదాకా ఆగొద్దు. ఆదివారం పొద్దున ఎనిమిదికి ఇక్కడ చేస్తే డల్లాస్‌లో శనివారం రాత్రి ఎనిమిదిన్నర, వాళ్ల వేసవి కాలంలో అయితే తొమ్మిదిన్నర అవుతుంది. ఆమె మేలుకునే ఉంటుంది.